పాదరసం పిండిన చెయ్యి

మార్చి 3, సోమవారం

యామిని టీచరమ్మ ఈ రోజు పంటినొప్పితో రాలేదు, ఫోనుతో వచ్చింది. అందులో ఎవరో తెల్లకోటాయన, పళ్లకు పెట్టే వెండి సిమెంటులో సగం పాదరసమేననీ, అది నోట్లో పెట్టుకోవడమంటే విషం మింగడమేననీ చెబుతున్నాడు. ఆమె నోట్లో మూడున్నాయి. మూడూ మా క్లినిక్‌లో పెట్టించుకున్నవే, పదేళ్లు దాటింది. మూడూ ఇప్పుడే తీసేయమంటుంది.

డాక్టరు రంగనాథ్‌గారు అరగంట ఓపిగ్గా చెప్పారు. పాదరసం విడిగా ఉన్నప్పుడు వేరు, వెండి పొడితో కలిసి గట్టిపడ్డాక వేరు అన్నారు. బాగున్నదాన్ని కెలికి తీస్తేనే ఎక్కువ ఆవిరి వస్తుంది, ఉన్నచోట ఉండనివ్వమ్మా అన్నారు. గర్భిణులకూ చిన్నపిల్లలకూ తాను ఇప్పుడు అది పెట్టడం లేదని కూడా నోరు జారారు. అక్కడ దొరికిపోయారు. వాళ్లకు పెట్టనిది నాకెందుకు పెట్టినారని ఆమె పట్టుకుంది. టీచర్లతో వాదన పెట్టుకోకూడదని ఈయనకు అరవై ఏళ్లొచ్చినా తెలియలేదు.

ఆమె పోయాక నాకే ఎక్కువ కోపం వచ్చింది. ఆ మూడు పళ్లకూ సిమెంటు పిండింది నేను. ఇరవై మూడేళ్లుగా ఇక్కడ నా పని అదే. గాజు కల్వంలో వెండి పొడి వేసి, పాదరసం పోసి నూరి, ఆ ముద్దను పాత మాధవరం చీర గుడ్డముక్కలో మూటకట్టి, బొటనవేలితో చూపుడువేలితో పిండాలి. ఎక్కువైన పాదరసం గుడ్డలోంచి చిన్న చిన్న పూసలుగా బయటికొస్తుంది. మిగిలిన ముద్ద వేళ్ల మధ్య కరకరమంటుంది. ఆ చప్పుడు రాకముందే ఆపితే సిమెంటు మెత్తన, వచ్చాక కూడా పిండితే పొడిపొడి. గ్లౌజులు వేసుకుంటే ఆ పదును అందదు, ఉత్త చేత్తోనే పిండాలి.

కలిపే మిషను కొనండని కంపెనీవాళ్లు వస్తే, నా మిషను అదిగో అని డాక్టరుగారు నన్ను చూపించి పంపేస్తారు. ఊళ్లో వేరే డాక్టర్లు తమ దగ్గర చేరిన అమ్మాయిలను నా దగ్గర నేర్చుకోవడానికి పంపేవాళ్లు. అట్లా నలుగురికి నేర్పాను. ఇవన్నీ ఆ ఫోనులోని తెల్లకోటాయనకు ఏం తెలుస్తాయి.

మార్చి 4

టీచరమ్మ మాట విని ఈ రోజు ఇంకో ఇద్దరు అడిగారు.

మార్చి 6, గురువారం

రాజంపేట నుంచి శివపార్వతి ఫోన్ చేసింది. నాలుగో నెలట. పెళ్లయిన ఎనిమిదేళ్లకు. తన అత్తకూ నాకూ తప్ప ఇంకా ఎవరికీ చెప్పలేదట. నేను ఫోను పట్టుకుని వెనక గదిలోకి పోయి ఏడ్చాను. సంతోషానికి ఏడవడం మా అమ్మ చనిపోయాక ఇదే మొదలు.

పార్వతి నేను నేర్పిన నలుగురిలో నాలుగోది. పుల్లంపేట మగ్గాల ఇంటి పిల్ల. తెగిన నూలుపోగు అతికే వేళ్లు కదా, మిగతావాళ్లకు నెల పట్టిన పని ఆ పిల్లకు వారంలో వచ్చింది. రెండేళ్లు నా పక్కనే పనిచేసి, పెళ్లి చేసుకుని రాజంపేట పోయి, అక్కడి పళ్ల డాక్టరు దగ్గర చేరింది. అక్కడ కూడా పిండేది తనే. మానేస్తావా పని అన్నాను. ఎందుకు మానాలక్కా, కూర్చుని చేసే పనే కదా అంది. నిజమే, కూర్చుని చేసే పనే.

మార్చి 9, ఆదివారం

మా ఆయన ఏసురాజు శనివారం సాయంత్రం మంగంపేట నుంచి వస్తాడు, సోమవారం తెల్లారి పోతాడు. ముగ్గురాయి గనిలో టిప్పరు డ్రైవరు. ఈ రోజు చర్చి నుంచి వచ్చాక టీ ఇస్తే, గ్లాసు సాసరు మీద టకటకలాడింది. ఏందబ్బా, భూకంపమా అన్నాడు. ఎండలు ముదిరాయి, నీరసం అన్నాను. మార్చిలోనే ఇట్లా ఉంటే మేలో ఏమవుతుందో. నిద్ర కూడా సరిగా పట్టడం లేదు. ఈ వయసులో ఆడవాళ్లందరికీ ఇంతేనని పక్కింటి హనుమమ్మ చెప్పింది.

నా అక్షరాలు మాత్రం జనవరి పేజీల్లో గుండ్రంగా ఉన్నాయి. ఈ మందుల కంపెనీ డైరీ కాగితం బాగాలేదు, పెన్ను జారుతోంది.

మార్చి 12, బుధవారం

డాక్టరుగారికి ఒక ఆలోచన వచ్చింది. ఆయన నోట్లో నాలుగు వెండి సిమెంట్లున్నాయి, చదువుకునే రోజుల్లో పెట్టించుకున్నవి. మూత్రంలో పాదరసం ఎంతుందో పరీక్ష చేయించుకుని ఆ రిపోర్టు గోడకు అంటిస్తారట. ఫోను చూపించినవాళ్లకు గోడ చూపిస్తానన్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి ఆయన, కానీ ఇది నాకు నచ్చింది.

నువ్వు కూడా ఇవ్వు కృపమణీ అన్నారు. నా నోట్లో రెండున్నాయి, ఆయన పెట్టినవే, నేను పిండినవే. ఒక డాక్టరు, ఒక మామూలు మనిషి, ఇద్దరివీ పక్కపక్కన అంటిస్తే జనం నమ్ముతారట. సరే అన్నాను. సీసాలు చెన్నై పోయాయి. ఇద్దరం పరీక్ష రాసిన పిల్లల్లాగా నవ్వుకున్నాం.

మార్చి 15

పాదరసం గిన్నె జారింది. పాత ఎక్స్‌రే ఫిల్ముతో పోగుచేసి సీసాలోకి ఎత్తాను. బండల సందుల్లోకి పోయింది పోయింది. ఆ గదిలో అన్నీ కడప బండలే, ఎన్ని సందులని వెతుకుతాం.

మార్చి 24, సోమవారం

రిపోర్టులు వచ్చాయి. డాక్టరుగారిది తొమ్మిది. ఇరవై లోపు ఉంటే మంచిదని కాగితం మీదే అచ్చువేసి ఉంది. ఆయన గట్టిగా చదివి, చూసినావా అని నవ్వారు. తర్వాత నాది తీశారు. చదవలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

నాది తొంభై ఆరు.

ల్యాబువాళ్లేదో పొరపాటు చేసినారు అన్నారు. నేనూ అదే అనుకున్నాను. పక్కపక్కన ఉన్న ఇద్దరికి తొమ్మిదేమిటి, తొంభై ఆరేమిటి. ఆయనది గోడకు అంటించారు. నాది సొరుగులో పెట్టారు. ఆ తర్వాత ముగ్గురు పేషెంట్లకు పిండాను. మూడోసారి గుడ్డ ముడి వేయడానికి కొంచెం సేపు పట్టింది.

మార్చి 25

కొన్ని చేపల్లోనూ పాదరసం ఉంటుంది, చేపలేమైనా ఎక్కువగా తింటావా అని డాక్టరుగారు అడిగారు. కడపలో చేపలు తిని ఎవరికైనా ఏమైనా అయిందా.

మార్చి 27, గురువారం

మళ్లీ పరీక్ష. చేతికి అంటుకున్న పాదరసం సీసాలో పడి ఉంటుంది, అందుకే అంత వచ్చిందని డాక్టరుగారి అనుమానం. ఈసారి క్లినిక్‌కు రాకముందే, ఇంట్లో స్నానం చేసి, సబ్బుతో చేతులు కడుక్కుని పట్టమన్నారు. అట్లాగే చేశాను. మోచేతుల దాకా రుద్ది కడిగాను. ఇంత శుభ్రంగా కడిగితే ఇరవై లోపే వస్తుంది.

మార్చి 30, ఉగాది

పార్వతి పండగ ఫోను. వాంతులు తగ్గాయట, బాగా ఆకలేస్తోందట. బిడ్డ కదలడం తెలుస్తోందక్కా, కడుపులో చేపపిల్ల తిరిగినట్టుంది అంది. మూడు రోజుల్లో పద్దెనిమిది సిమెంట్లు పెట్టారట, హైస్కూలు పిల్లలకు క్యాంపు చేశారట. వేళ్లు నొప్పి పుట్టినాయని నవ్వింది.

చిన్నపిల్లలకు అది పెట్టకూడదని మా డాక్టరుగారు అంటారని మాత్రం చెప్పాను. రిపోర్టు సంగతి చెప్పలేదు. రెండోది రానేలేదు, రాకముందే కడుపుతో ఉన్న పిల్లను బెదరగొట్టడం ఏం న్యాయం. వచ్చాక చూద్దాం.

ఏప్రిల్ 5, శనివారం

రెండో రిపోర్టు తొంభై ఒకటి.

డాక్టరుగారు పేషెంట్లను బయట కూర్చోబెట్టి తలుపు వేశారు. చేతులు ముందుకు చాపమన్నారు. చాపాను. వేళ్ల మీద ఒక తెల్ల కాగితం పరిచారు. ఆ కాగితం ఆడింది. ఫ్యాను గాలికేమో అన్నాను. ఆయన లేచి ఫ్యాను ఆపి వచ్చారు. కాగితం ఇంకా ఆడుతూనే ఉంది. 

"నోట్లో ఉండే దాంతో కాదు కృపమణీ. నా నోట్లో నాలుగుండాయి, నీ నోట్లో రెండే. ఇది నువ్వు పిండేదాంతో వచ్చిండాది, ఆ గదిలో పీల్చేదాంతో వచ్చిండాది. నేను చూడల్సింది. ఇన్నేండ్లు చూడలేదు."

కిటికీ లేని గది. పనిముట్లు ఉడికే స్టెరిలైజరూ అక్కడే. ఆ వేడికి బండల సందుల్లోని పాదరసం కూడా రోజూ ఆవిరవుతూనే ఉంటుందట. ఇక ఆ గదిలోకి పోవద్దన్నారు. దూరంగా ఉంటే కొన్ని నెలల్లో ఒంట్లోంచి పోతుందట. చెయ్యి కూడా చాలావరకు కుదురుకుంటుందట. చాలావరకు అన్నారు. పెద్దాసుపత్రిలో తెలిసిన డాక్టరుకు చీటీ రాసిచ్చారు.

తర్వాత, బయట చెప్పొద్దన్నారు. నోట్లో గట్టిపడినదానికీ చేత్తో పిండేదానికీ తేడా జనానికి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు, నీ రిపోర్టు బయటికి పోతే రేపటి నుంచి అందరూ బాగున్న పళ్లు తవ్వించుకుంటారు అన్నారు. ఆయన మాట పూర్తికాకముందే నేను సరే సార్ అన్నాను. నాకు ఆయన కారణంతో పని లేదు. ఈ రోజు నా కళ్ల ముందు ఆడింది ఆ కాగితం కాదు, కడపలో నాలాగా పిండేవాళ్లు లేరన్న నా పేరు.

ఏప్రిల్ 7, సోమవారం

ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పేర్లు పిలవడం, టోకెన్లు ఇవ్వడం. మిషను వచ్చేదాకా తెల్ల సిమెంటే పెడతామని డాక్టరుగారు అందరికీ చెబుతున్నారు. వెనక గదికి తాళం. బండలు పీకించి కొత్తవి వేయిస్తారట.

నేర్పిన నలుగురినీ తలుచుకున్నాను. కుళ్లాయమ్మ, లక్ష్మీదేవి, ముంతాజ్. ముగ్గురూ పని మానేసి చాలా ఏళ్లయిందని విన్నాను. ఇంకా పిండుతున్నది పార్వతి ఒక్కతే. అక్కడ కిటికీ ఉందని ఎప్పుడో చెప్పినట్టు గుర్తు. కిటికీ ఉంటే గాలి ఆడుతుంది. పైగా ఆ పిల్ల చిన్నది, ఒంట్లో శక్తి ఉంటుంది. వాళ్ల డాక్టరు చదువుకున్నవాడే, కడుపుతో ఉన్న మనిషి చేత ఏం చేయించాలో ఏం చేయించకూడదో ఆయనకు తెలియదా. కందకు లేని దురద కత్తిపీటకెందుకు.

ఏప్రిల్ 10, గురువారం

యామిని టీచరమ్మ చెంప పట్టుకుని వచ్చింది. ఎక్కడో మూడూ ఒకేసారి తీయించుకుందట. ఒక పన్ను లోతుగా తవ్వేశారు, ఇప్పుడు దానికి రూట్ కెనాల్ చేయాలి. బాగున్న పన్ను. ఫోను నమ్మినంత మనిషిని నమ్మరు. డాక్టరుగారు ఒక్క మాట కూడా ఎత్తిపొడవకుండా చూశారు.

పోతూ పోతూ నా బల్ల దగ్గర ఆగింది. నీ నోట్లో ఉండాయా అక్కా, నీకేం కాలేదా అని అడిగింది. రెండున్నాయి, వాటితో నాకేమీ కాలేదు అన్నాను. నోరు తెరిచి చూపించాను కూడా. చేతులు బల్ల కింద పెట్టుకున్నాను. నేను చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు, ఎన్నిసార్లు చూసుకున్నా లేదు.

ఏప్రిల్ 11, శుక్రవారం

ఈ రోజు రాజంపేట పోదామనుకున్నాను. దారిలో ఒంటిమిట్ట కల్యాణం. బస్సులన్నీ కిక్కిరిసి ఉంటాయి, దారి మళ్లిస్తారు. వచ్చే వారం పోవచ్చు.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

ఏసురాజుకు చెప్పాను. చెప్పకుండా ఉందామనుకున్నాను గానీ, చర్చిలో మట్ట చేత్తో పట్టుకుంటే ఆకులు గలగలలాడుతున్నాయి, ఆయన అదే చూస్తున్నాడు. ఇంటికొచ్చి రెండు రిపోర్టులూ ముందర పెట్టాను.  నేను ముగ్గురాయి దుమ్ము తింటాండా, నువ్వు పాదరసం తాగుతాండావు, మనిద్దర్నీ తవ్వితే ఒక గని అయితాది అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు పాపం.

పెద్దాసుపత్రికి ఎప్పుడు పోతావన్నాడు. బుధవారం అన్నాను. డాక్టరుగారిని తిడతాడేమోనని భయపడ్డాను, తిట్టలేదు. గనిలో మాకు మాస్కులిస్తారు, బీడీకి అడ్డమని జేబులో పెట్టుకుంటాం, ఎవరిని ఏమంటాం అన్నాడు. తర్వాత అడిగాడు.

"పార్వతికి చెప్పినావా?"

చెప్పలేదన్నాను. వాళ్ల డాక్టరు చూసుకుంటాడులే అన్నాను.

"పిండేది నేర్పింది ఆ డాక్టరా, నువ్వా?"

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. వారానికొకసారి వచ్చి తీర్పులు చెప్పడం సులభమన్నాను, ఇంకా చాలా అన్నాను. ఆయన అన్నం తిని, కంచం తానే కడుక్కుని, బయట మంచం వేసుకున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నానని నాకు తెలియక కాదు.

ఏప్రిల్ 16, బుధవారం

పెద్దాసుపత్రిలో చూపించుకున్నాను. మందు అక్కర్లేదు, దూరంగా ఉండడమే మందు అన్నారు. మూడు నెలలకు మళ్లీ పరీక్ష. కడుపుతో ఉన్నవాళ్లకైతే ఎట్లా మేడమ్ అని అడిగాను, ఎవరి గురించో అన్నట్టు. ఆ లేడీ డాక్టరు తలెత్తి నన్ను చూసింది. పాదరసం ఆవిరి తల్లి నుంచి బిడ్డకు పోతుంది, ఒక్కరోజు కూడా ఆ పని చేయకూడదు అంది. ఎవరైనా ఉన్నారా అంది. లేరన్నాను.

బయటికొచ్చి వేపచెట్టు కింద నిలబడి పార్వతికి ఫోన్ చేశాను. అక్కా అని ఎంత సంతోషంగా పలికిందో. మామిడిపండు తినాలనిపిస్తోందట, కాయ దొరుకుతుంది గానీ బనగానపల్లె పండ్లు ఇంకా రాలేదని బాధ. నేను పంపిస్తానులే అన్నాను. పది నిమిషాలు మామిడిపండ్ల గురించే మాట్లాడాను. మా సార్ నా చేతిని మెచ్చుకుంటాడక్కా, నీ గురువెవరని అడుగుతాడు, నీ పేరే చెప్తా అంది. సిగ్నలు సరిగా లేదని పెట్టేశాను. సిగ్నలు బాగానే ఉంది.

ఏప్రిల్ 18, శుభ శుక్రవారం

మూడు గంటల ఆరాధన. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలకూ ఏడుగురు మాట్లాడారు. నాకు ఒక్కటీ తలకెక్కలేదు.

ఏప్రిల్ 21, సోమవారం

పొద్దున డాక్టరుగారితో చెప్పేశాను, రేపు రాజంపేట పోతున్నానని, రిపోర్టులు రెండూ తీసుకుపోతానని. ఆయన పెన్ను కింద పెట్టారు. పార్వతి ఇంకా పిండుతోందా అన్నారు. అవునన్నాను. కడుపుతో కూడా ఉందన్నాను. ఎన్నో నెల అన్నారు. ఆరు వస్తోందన్నాను. ఆయనకు ఆ పిల్ల కడుపుతో ఉందని అంతకుముందు నేను చెప్పనే లేదు. డాక్టరుగారి దగ్గర కూడా దాచానని అప్పటిదాకా నాకే తెలియదు.

రిపోర్టు బయటికి పోతే జనం ఏమనుకుంటారో మళ్లీ అంటారని కాచుకున్నాను. అనలేదు. రాజంపేట డాక్టరుకు ఫోన్ చేయడానికి నంబరు వెతుక్కున్నారు, దొరకలేదు. నేనే చెప్పాలి సార్, నేర్పింది నేను అన్నాను. ఫోనులోనైనా ఈ రోజే చెప్పు అన్నారు. ఫోనులో నా వల్ల కాలేదు సార్, ఒకసారి చూశాను అన్నాను. అయితే రేపు మొదటి బస్సుకే పో అన్నారు. సాయంత్రం తాళాలు వేస్తుంటే గోడ మీద ఆయన రిపోర్టు కనిపించలేదు. ఎప్పుడు తీశారో నేను చూడలేదు.

ఏప్రిల్ 22, మంగళవారం

వరసగా రాయాలి. రాయకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

మొదటి బస్సు ఆరుంపావుకు. ఎనిమిదికల్లా రాజంపేటలో ఉన్నాను. క్లినిక్ ఇంకా తెరవలేదు, మెట్ల మీద కూర్చున్నాను. పార్వతి తాళంచేతులు ఆడించుకుంటూ వచ్చింది. నన్ను చూసి పరుగెత్తబోయి, కడుపు గుర్తొచ్చి నెమ్మదిగా నడిచింది. ముఖం నిండుగా ఉంది. మామిడిపండ్లు తెచ్చినావా అని సంచీ లాక్కుంది. సంచీలో రిపోర్టులు తప్ప ఏమీ లేవు.

లోపలికి తీసుకుపోయి తన గది చూపించింది. కిటికీ లేదు. మా గదికంటే చిన్నది. బల్ల మీద గాజు కల్వం, పక్కనే మడతపెట్టిన గుడ్డముక్కలు, వాళ్ల పుల్లంపేట చీర అంచులు కత్తిరించినవి. ముడివేసే పద్ధతి కూడా నాదే, ఎడమవైపు మడిచి.  బయటికి రా పార్వతీ అన్నాను. పేషెంట్లు కూర్చునే బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం.

చెప్పాను. ముందు నా చేతులు చాపి చూపించాను. తర్వాత కాగితాలు తీశాను. నోట్లోదానితో కాదు, పిండేదానితో అని డాక్టరుగారు చెప్పిందీ, లేడీ డాక్టరు బిడ్డ గురించి చెప్పిందీ, అన్నీ. ఆ పిల్ల మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. నేను ఆపాక లేచి వాష్‌బేసిన్ దగ్గరికి పోయి సబ్బు పెట్టి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. ఈ రోజు ఇంకా పనే మొదలుపెట్టలేదు. అయినా కడుగుతూనే ఉంది. చీర కొంగుతో తుడుచుకుంటూ వచ్చి, అవతలి బల్ల మీద కూర్చుంది.

"ఇది నీకు ఎప్పుడు తెలిసెనక్కా?"

ఈ ప్రశ్నకు బస్సులోనే జవాబు తయారుచేసుకున్నాను. రెండో రిపోర్టు నుంచి లెక్కేస్తే పదిహేడు రోజులు. మొదటిది పొరపాటనుకున్నాం కాబట్టి పదిహేడు అనడంలో తప్పు లేదు. ఒంటిమిట్ట దాటేదాకా పదిహేడే నా జవాబు.

"ఇరవై తొమ్మిది రోజులు" అన్నాను.

 ఆమె లెక్క వేసుకుంటోందని పెదాలు కదలడం బట్టి తెలిసింది.

"మధ్యలో రెండుసార్లు మాట్లాడుకుంటిమి కదక్కా."

అవునన్నాను.  తిడితే పడదామని వచ్చాను, ఆ పిల్ల తిట్టలేదు. బిడ్డకేమైనా అవుతుందా అని అడిగింది. నాకు తెలియదన్నాను. పరీక్షలు చేయించాలి, ఈ రోజు నుంచి ఆ గదిలోకి పోకుండా ఉండాలి, అంతవరకే నాకు తెలుసు. ఇరవై మూడేళ్లలో ఒక ప్రశ్నకు తెలియదని చెప్పడం నాకు కొత్త.

వాళ్ల డాక్టరు వచ్చాడు. చిన్నవాడే. పార్వతి నా రిపోర్టులు ఆయన చేతికిచ్చి, సార్ నేను ఇంక పిండను అంది, అంతే. ఆయన చదివి నా వైపు చూసి, గురువు మీరేనా అన్నాడు. తల ఊపాను. కలిపే మిషను తెప్పిస్తానన్నాడు. ఇప్పుడే ల్యాబుకు పోయి రా అని పార్వతికి చీటీ రాసిచ్చాడు. నేను తోడు వస్తానంటే ఆ పిల్ల వద్దనలేదు, రమ్మని కూడా అనలేదు. వెనకే నడిచాను.

ల్యాబులో సీసా ఇచ్చి వచ్చి, రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. నేను బస్సు గురించి ఏదో అన్నాను. ఆమె వినలేదు.

"నాకు గాక ఇంకెవరికి నేర్పినావు?"

ముగ్గురికి, వాళ్లు మానేసి చాలా ఏళ్లయిందని విన్నానన్నాను. విన్నావా, చూసినావా అంది. విన్నానన్నాను. ఒకవేళ వాళ్లు ఇంకెవరికైనా నేర్పి ఉంటే, అంది. నేను ఇన్ని రోజుల్లో అంత దూరం ఆలోచించలేదు. సంచీలోంచి పెన్ను తీసి రిపోర్టు కవరు మీద నేను నేర్పినవాళ్ల పేర్లు రాయబోయాను. మొదటి అక్షరమే వంకరపోయింది.

"నీ చెయ్యి వణుకుతాంది. ఇట్లియ్యి."

పెన్ను తీసుకుంది. నా ముఖం చూడకుండానే, పేర్లు చెప్పు అంది. కుళ్లాయమ్మ, లక్ష్మీదేవి, ముంతాజ్, వాళ్లు ఏ ఊరు పోయారో నాకు తెలిసినంతవరకు చెప్పాను. ఒక్కొక్కటే నెమ్మదిగా రాసింది. రాసి కవరు నాకిస్తే చూశాను. నేను చెప్పిన మూడు పేర్లూ రెండో వరస నుంచి ఉన్నాయి. మొదటి వరసలో తన పేరే రాసుకుంది.